కంటిన్యుటీ గారి మంచు

వానాకాలం వచ్చిందంటే మా వంటింట్లో కళ్ళుప్పు చెమ్మగిల్లుతుంది. అమ్మ వాడిన పాత జాడీలోనే పోసి ఉంచుతాను; పింగాణీ మూత ఎప్పుడో పగిలిపోతే, కొలత సరిపోయింది కదా అని నేనే ఏదో డబ్బా తాలూకు రేకు మూత పెట్టాను. ఇప్పుడా మూత తీసినప్పుడల్లా ఉప్పూ తుప్పూ కలిసిన పచ్చి ఇనుప వాసన గుప్పుమంటుంది, చెంచా పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోతుంది. నలభై దాటిన మనిషిని, యూసుఫ్‌గూడలో మూడో అంతస్తులో గ్యాసు పొయ్యి ముందు నిలబడి, పప్పులో ఉప్పు వెయ్యడానికి జంకుతున్నానంటే నవ్వుతారని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మేము జూబ్లీ హిల్స్‌లో ఉండేవాళ్ళం. అలాగంటే మేడ అనుకునేరు! సినిమాలకు కార్లు అద్దెకిచ్చే రావుగారి స్థలంలో, కార్ల షెడ్డు వెనకాల, ఒక గదీ దానికంటించిన వంటిల్లూ మాది. అప్పటికింకా కొండలు కొండల్లాగే ఉండేవి. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండరాళ్ళు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, తొండలు, అక్కడక్కడా ఎవరో సినిమావాళ్ళ తెల్లటి గోడ, ఆ గోడ మీద ఎర్రగా ఒరిగిన కాగితప్పూలు. మా షెడ్డు వెనక రోడ్డు కొండ మీద నుంచి వాలుగా దిగి ఒక పెద్ద రాయి దగ్గర మలుపు తిరిగేది. ఆ మలుపు అవతల, తవ్వడం మానేసిన పాత రాళ్ళ క్వారీ గొయ్యి. మధ్యాహ్నాలు పక్క క్వారీలో బండలు పేల్చేముందు ఎవరో ఈల ఊదేవారు, ఈల వినగానే అమ్మ నన్ను లోపలికి లాగి తలుపు మూసేది, ధన్‌మని పేలాక గిన్నెలన్నీ ఒకసారి గణగణలాడేవి. ఆ పాత క్వారీ గోతిలోకి నేను ఒక్కసారే తొంగి చూశాను. అడుగున నల్లటి నీళ్ళున్నాయి.

మా నాన్న పేరు దానియేలు. రావుగారి దగ్గర డ్రైవరు. కార్లన్నీ ఆయనే చూసేవాడు కానీ ఆయన ప్రాణమంతా ఒక్క కారు మీదే ఉండేది. ఎర్రది, రెండే సీట్లు, పైకప్పు గుడ్డది, నేలను రాసుకుంటూ పోయే స్పోర్ట్స్ కారు. ఎవరో ఫారిన్ నుంచి తెచ్చుకుని మోజు తీరాక అమ్మేస్తే రావుగారు కొన్నది. అసలే పాతది, విడిభాగాలు దొరకవు. చలికాలంలో దానికి జరిగే సేవ నాకు జరిగేది కాదు. సాయంత్రం కాగానే "మంచు పడుతుందే బేబీ, పరదా పట్టుకో" అనేవాడు నాన్న, ఇద్దరం చెరో కొసా పట్టుకుని కప్పేవాళ్ళం. తెల్లవారి తడిసిన పరదా తీసి, మెత్తటి గుడ్డతో ఆ ఎర్ర ఒళ్ళంతా తుడిచి, బానెట్ ఎత్తి, బ్రేకాయిలు బుడ్డి మూత తీసి చూసుకునేవాడు. నేను వేలు ముంచబోతే "ఒద్దమ్మా, రంగుని తినేస్తది" అని చెయ్యి లాగేవాడు. ఆ వాసన నాకు కొబ్బరినూనె వాసనంత బాగా తెలుసు. ఆ కారుకేమైనా అయితే నాన్న ఉద్యోగం పోతుందనీ, ఉద్యోగం పోతే గది పోతుందనీ కూడా తెలుసు, అమ్మానాన్నా గుసగుసలాడుకుంటే పిల్లలకు వినపడదనుకుంటారు కానీ ఒకటే గది కదా.

ఆ ఏడు డిసెంబరులో మా కొండ మీద మంచు కురిసింది. కాశ్మీరు వెళ్ళి షూటింగు చేసే రోజులు కావవి, విదేశాలకు వెళ్ళే తాహతు ఆ నిర్మాతకు లేదు, కథలో మాత్రం మంచు ఉంది. అందుకని మా షెడ్డు వెనక వాలు రోడ్డు మీదే మంచు దేశం వేశారు. రాళ్ళకు తెల్ల గుడ్డలు చుట్టారు, సీతాఫలం కొమ్మలకు దూది అతికించారు, దూరానికి థర్మోకోల్ పొడి చల్లారు. కెమెరా దగ్గరగా చూసే చోట మాత్రం థర్మోకోల్ ఫ్యాను గాలికి ఎగిరిపోతోందని లారీలతో ఉప్పు తెప్పించి గుమ్మరించారు. మెత్తటి తెల్లటి ఉప్పు. రోడ్డు మీద ఉప్పు, రాళ్ళ మీద ఉప్పు, మా నాన్న ముద్దుల కారు బానెట్ మీద, చక్రాల మీద, గుడ్డ టాపు మడతల్లో ఉప్పు. ఇంట్లో అమ్మ క్రిస్మస్‌కి గులాబీ పువ్వులు వేయిస్తుంటే, గుమ్మానికి కట్టిన కాగితం నక్షత్రం గాలికి టపటపలాడుతుంటే, ఎదురుగా నిజం మంచు దేశంలా కొండంతా తెల్లగా మెరుస్తుంటే, ఆ మొదటి రోజు నేను ఆనందం పట్టలేక గెంతాను. ఆ ఒక్కరోజే.

రెండోరోజు సగం పాట తీశాక హీరోగారికి జ్వరం వచ్చింది. మళ్ళీ ఆయన తేదీలు దొరికేదాకా ఎక్కడిదక్కడ ఉండాలన్నారు. అసిస్టెంట్ డైరెక్టరు, సన్నగా గడకర్రలా ఉండే ఒకబ్బాయి, కారు చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకుని, పైన తాటాకు పందిరి వేయించి నాన్నతో చెప్పాడు: "దానియేలు గారూ, కారు కదపొద్దు, మంచు దులపొద్దు. ఒక్క వేలిముద్ర పడినా కంటిన్యుటీ ఊరుకోదు."

కంటిన్యుటీ అంటే షాటుకీ షాటుకీ మధ్య ఏదీ మారకుండా చూసుకోవడమని అప్పుడు నాకెలా తెలుస్తుంది? ఎవరో పెద్దమనిషి అనుకున్నాను. నిర్మాత కన్నా, డైరెక్టరు కన్నా పెద్ద. ఉప్పు రవ్వ రవ్వా లెక్కపెట్టుకుని వెళ్ళాడనీ, తిరిగొచ్చి మళ్ళీ లెక్కపెడతాడనీ అనుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని, చేతిలో బెత్తంతో, వంగి వంగి మంచు పరీక్షించే కంటిన్యుటీ గారు రోజూ నా కలలోకి వచ్చేవారు.

పదహారు రోజులు కారు ఆ ఉప్పులోనే నిలబడింది. చిత్రమేమిటంటే అబద్ధపు మంచు మీద రోజూ తెల్లవారుజామున నిజం మంచు పడేది. తాటాకు పందిరి దాన్ని ఆపలేదు. ఉప్పు చెమ్మ పీల్చుకుని, కరిగి, ధారలుగా కారు కిందికి జారేది. తొమ్మిదింటికి ఆ గడకర్ర అబ్బాయి వచ్చి ఫోటో చూసుకుంటూ, కరిగినచోట కొత్త ఉప్పు చల్లి వెళ్ళేవాడు. మా అమ్మ పుట్టిల్లు సముద్రం ఒడ్డున, వాళ్ళవాళ్ళంతా ఉప్పుమళ్ళలో పనిచేసినవాళ్ళు. ఆవిడ అది చూసి లోపలికొచ్చి బుగ్గలు నొక్కుకునేది.

"ఏవండీ, ఉప్పునీళ్ళు ఊరుకుంటాయా? మా నాన్నోళ్ళ పారలు రెండేళ్ళకే జల్లెడైపోయేవి. మంచినీళ్ళు కొట్టి కడిగెయ్యండి."

సెట్టు కాపలాకు పెట్టిన యాదగిరి కూడా అదే మాట. "గిది మంచు గాదు దానియేలన్నా, ఉప్పు. లోపల్లోపల తింటది. జర కడుగు."

"కంటిన్యుటీ పోద్ది యాదగిరీ," అనేవాడు నాన్న నేల చూస్తూ. రావుగారిని కూడా ఒకసారి అడిగాడు. నిర్మాత మాట కాదంటే మళ్ళీ కార్లు తీసుకోరని ఆయన భయం ఆయనది. అలా అందరూ ఆ కంటిన్యుటీ గారికే భయపడుతుంటే నా భయం తప్పు కాదని రుజువైపోయింది.

ఇంతలో నేనొక దొంగపని మొదలుపెట్టాను. అక్కడి పిల్లలందరం చేసేదే. పచ్చి జామకాయ కొరికి, సెట్టులో మంచు అద్దుకుని తినడం. "ఎంతమంది చెప్పులతో తొక్కారో, ఛీ" అని అమ్మ మొత్తుకున్నా మా నాలుకలు వినేవి కాదు. యాదగిరి తరుముతున్నాడని నేను మాత్రం ఎవరికీ కనపడని చోటు వెతుక్కున్నాను. కారు కింద. బక్కపిల్లను కాబట్టి ఆ ఇరుకులో దూరి, ముందు చక్రం వెనకాల చాటుగా పడుకుని చిటికెడు చిటికెడు తీసుకునేదాన్ని, తీసినచోట వేలితో చదును చేసేదాన్ని. తల పైన తుప్పు పెచ్చులు పెచ్చులుగా వేలాడేది. అక్కడి వాసన ఇప్పుడు నా జాడీలో వచ్చే వాసనే.

షూటింగు మళ్ళీ రేపనగా ఆ ఉదయం కూడా దూరాను. చక్రం లోపలివైపు ఉప్పు ఒకచోట తడిసి పసుపుపచ్చగా ఉంది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా లేదు. జిగటగా, చేదుగా, నోరంతా మండింది. వెంటనే వాసన అందింది.

బ్రేకాయిలు.

ఆ రోజంతా నేను అన్నం తినలేదు. చెప్పాలంటే ముందు కారు కిందికి దూరానని చెప్పాలి. కంటిన్యుటీ గారి మంచు ఇన్ని రోజులుగా తింటున్నది నేనేనని చెప్పాలి. నాన్న ఉద్యోగం పోతుంది, గది పోతుంది, నక్షత్రం ఇప్పుకుని సామాన్లు మోసుకుని ఎక్కడికి పోతాం? నాన్న చూసుకుంటాడులే, రోజూ బుడ్డి చూసుకునే మనిషే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మళ్ళీ వెంటనే గుర్తొచ్చేది, ఈ పదహారు రోజులూ బానెట్ ఎత్తనివ్వలేదని. అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసి, దిష్టి తగిలిందని తిట్టుకుంది. మేం చర్చికెళ్ళేవాళ్ళమైనా ఆవిడ దిష్టి మానలేదు.

మర్నాడు పొద్దున్న కొండంతా జనం. హీరోగారి దగ్గరి షాట్లు నిలబడ్డ కారులోనే అయిపోయాయి. వాలు మీంచి జోరుగా దిగి మలుపు తిరిగే దూరపు షాటు మాత్రం మా నాన్నతో చేయిస్తారు. హీరో నీలం కోటు, ఎర్ర మఫ్లరు, విగ్గు పెట్టుకుని నాన్న ఎవరోలా ఉన్నాడు. తాడుకు ఇవతల అమ్మ పక్కన నిలబడి నేను ఆ మలుపు వైపే చూస్తున్నాను. రాయి అవతల ఏముందో నాకు తెలుసు. పెద్ద ఫ్యాను తిప్పారు, థర్మోకోల్ మంచు ఎగిరింది. కారెక్కబోయే ముందు నాన్న వెతికి వెతికి నావైపు చూసి నవ్వాడు.

"స్టార్ట్" అనే మాట వినపడింది. కారు ఇంకా కదల్లేదు.

"నాన్నా! మంచు ఉప్పగా లేదు!"

ఫ్యాను మోతలో కూడా ఆ అరుపు నాకే వింతగా వినిపించింది. అందరూ తిరిగారు. ఎవరో నవ్వారు. నేను తాడు కిందనుంచి దూరి ఆ చదునైన మంచులో అడుగులు పడుతుండగా పరిగెత్తాను, గడకర్ర అబ్బాయి తల పట్టుకున్నాడు. "చక్రం కింద… నేను నాకాను నాన్నా… బ్రేకాయిలు." నాన్న ఇంజను ఆపి దిగాడు. దిగి నా చెంప మీద ఒక్కటి కొట్టాడు. జీవితంలో ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే.

యాదగిరి ఉప్పులో బోర్లా పడుకుని కిందికి చూశాడు. "పైపు తుప్పువట్టి పోయిందన్నా. చుక్క లేదు." ఎవరో ఫ్యాను ఆపేశారు. డైరెక్టరుగారు మలుపు వైపు ఒకసారి చూసి కుర్చీలో కూర్చున్నారు. ఆ షాటు తీయలేదు. మమ్మల్ని గది ఖాళీ చెయ్యమనలేదు. కారుకి మాత్రం అడుగంతా పోయిందని తేలి, రావుగారు తర్వాతెప్పుడో ముక్కలుగా అమ్మేశారు. కంటిన్యుటీ గారు రానేలేదు.

ఇప్పుడక్కడ క్వారీ లేదు, పూడ్చి అపార్టుమెంట్లు కట్టారు, మలుపు దగ్గర రాయి కూడా పేల్చేసినట్టున్నారు. మంచు కావాలంటే కంప్యూటరులో కురిపిస్తున్నారట. అమ్మ లేదు. నాన్న నా దగ్గరే ఉంటాడు. బీపీ అని డాక్టరు ఉప్పు మాన్పించినందుకు రోజూ అలుగుతాడు. మొన్న చప్పిడి పప్పు కలుపుకుంటున్నప్పుడు అడిగాను, ఆ రోజు నన్నెందుకు కొట్టావు నాన్నా అని.

"అప్పుడు నాకు ఏం చెయ్యాలో తెలీలేదు," అన్నాడు. తర్వాత ముద్ద పళ్ళెంలోనే వదిలేసి, "ఆ పొద్దున్నే బ్రేకు తొక్కి చూశా. పెడలు అడుక్కెళ్ళిపోయింది," అన్నాడు.

"తెలిసీ ఎక్కావా?"

"ఆ మాట ముందు చెప్తే బండి నేనే పాడుచేశానంటారు. పొమ్మంటే మిమ్మల్నెక్కడికి తీసుకెళ్ళను? హ్యాండు బ్రేకుంది కదా, ఆపుకోవచ్చులే అనుకున్నా. నువ్వరిచావు కాబట్టి దిగాను. నా అంతట నేను దిగేవాణ్ణి కాదమ్మా."

ముప్పై ఏళ్ళకు పైగా నేను ఆ గోతికీ, అడుగునున్న ఆ నల్లటి నీళ్ళకీ భయపడుతూ వచ్చాను. ఇప్పుడు వాటికి కాదు. పెడలు అడుక్కెళ్ళిపోయిందని తెలిసి కూడా, కారెక్కబోతూ, అంతమందిలో వెతికి వెతికి నావైపు చూసి నవ్వాడే, ఆ నవ్వు గుర్తొస్తే భయమేస్తోంది.