ఫొటోలో పిల్లాడి ఏడుపు మాన్పించబోయి

నేను చదివింది ఐదో తరగతి. ఇలా రాయడం ఇదే మొదలు. ఎక్కడ దీర్ఘం పెట్టాలో, ఎక్కడ ఒత్తు ఇవ్వాలో నాకెప్పుడూ అనుమానమే. తప్పులుంటే ఏమీ అనుకోకండి. అయినా నిక్షేపంలాంటి పసివాణ్ణి నేనేం చేశానో చదివాక, నా అక్షరాలే నయం అంటారు మీరు.

పటమటలో మాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించడమే నా పని. కంప్యూటర్ మా ఆయనది. నన్నూ కూర్చోనివ్వండని పోరగా పోరగా చివరికి దిగొచ్చారు.

"ఒక్క ఫొటో నువ్వు చెయ్యి. బాగా వస్తే కుర్చీ నీది. చెడగొట్టావో, జన్మంతా కత్తెరే!"

ఆ ఫొటో వెంకాయమ్మ గారి మనవడిది. ఆవిడది చేపల వ్యాపారం. గొంతెత్తితే బెంజ్ సర్కిల్లో లారీలు కూడా పక్కకి తప్పుకుంటాయి. మర్నాడే మనవడి మొదటి పుట్టినరోజు. ఫంక్షన్ హాలు ముందు కట్టడానికి మనిషంత ఫ్లెక్సీ కావాలన్నారు. ఫొటో చీకట్లో సెల్లుతో తీసింది. బుగ్గన దిష్టిచుక్కతో, నోరు బార్లా తెరిచి ఏడుస్తున్నాడు పిల్లాడు.

"నాయిస్ బాగా ఉంది. అది తగ్గించు చాలు," అని చెప్పి మా ఆయన గన్నవరంలో పెళ్లి ఫొటోలకి వెళ్లిపోయారు.

నాయిస్ అంటే గోల. ఆ మాత్రం నాకూ తెలుసు. మరి ఆ ఫొటోలో గోల చేస్తున్నది ఎవరండీ? పిల్లాడేగా! చీకట్లో తీసిన ఫొటో మీద ఇసక చల్లినట్టు కనిపించే చుక్కల్ని కూడా నాయిసే అంటారని నాకెవరు చెప్పారు?

ఆయన వెనక నిలబడి ఏ మీట ఎక్కడుందో ఎప్పుడో కంఠతా పట్టాను. నాయిస్ తగ్గించేది పట్టుకుని చివరిదాకా లాగాను. ఇసక పోయింది. నోరు మూతపడలేదు. మళ్లీ లాగాను. కనుబొమలు పోయాయి. మళ్లీ లాగాను. మొహం తొక్క తీసిన ఉడికిన గుడ్డులా తయారైంది. వాడు మాత్రం ఏడుస్తూనే ఉన్నాడు! ఫోన్ చేశాను.

"ఏమండీ, ఎంత తగ్గించినా ఏడుపు ఆపట్లేదండీ!"

"ఏంటీ? ఇక్కడ మేళం, వినపడట్లా! నాయిస్ తగ్గిందా?"

"ఇక్కడ తగ్గలేదు. మీ దగ్గర?"

"నా దగ్గరేంటే!" అంటుండగానే సన్నాయి అందుకుంది. ఫోన్ కట్టయింది.

నేను ఓడిపోయే రకం కాదు. ఫొటోని రంగులేసిన బొమ్మలా మార్చే ఫిల్టర్ ఒకటుంది. అది నొక్కాను. జుట్టు జంతికల్లా చుట్టలు తిరిగింది. పెదవులు సాగి చెవుల దాకా పోయాయి. నవ్వుతున్నట్టే ఉందిలే అనుకుని ధైర్యంగా ఫ్లెక్సీ కొట్టించేశాను.

పొద్దున్నే వెంకాయమ్మ గారు వచ్చారు. ఫ్లెక్సీ విప్పి చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

"ఎవడమ్మా వీడు?"

"మీ మనవడేనండీ."

"మా వాడికి కనుబొమలుండాలిగా! దిష్టిచుక్క ఏదీ?"

"నాయిస్ తగ్గిస్తుంటే దాంతోపాటే పోయిందండీ."

"ఏం, మా చుక్క గానీ అరిచిందా నీ మీద?"

సరిగ్గా అప్పుడే మా ఆయన దిగారు. ఫ్లెక్సీ చూశారు, నన్ను చూశారు. కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టారు. వెంకాయమ్మ గారి సెల్లులోంచి ఫొటో మళ్లీ తీసుకుని, చుక్కతో సహా చక్కగా చేసి, మధ్యాహ్నానికల్లా ఇంకో ఫ్లెక్సీ కొట్టించారు. నేను తలొంచుకుని కత్తిరిస్తూనే ఉన్నాను.

ఆవిడ రెండు ఫ్లెక్సీలూ చుట్టి చంకలో పెట్టుకున్నారు.

"ఆ మొదటిది పారేస్తామండీ, ఇటివ్వండి," అన్నారు మా ఆయన.

"పారేస్తారా! మేం మేడ కడుతున్నాంగా, దాని ముందు వేలాడదీస్తాం. బజారంతా తిరిగినా ఇంత మంచి దిష్టిబొమ్మ దొరకలా! మా మరిది కూడా ఇల్లు మొదలెట్టాడు, ఇంకోటి కావాలి. అబ్బాయ్, నువ్వు లేచి ఆ కుర్చీ అమ్మాయికియ్యి. ఇది నీ వల్ల అయ్యే పని కాదు!"

అలా కుర్చీ నాదైంది. ఇదిగో, కంప్యూటర్ మీద చెయ్యేసి ఒట్టు పెడుతున్నాను. ఇకమీదట ఏ ఫొటోలోనైనా సరే, ఏడ్చే పిల్లల్ని తనివితీరా ఏడవనిస్తాను. ఇందులో ఒత్తులూ దీర్ఘాలూ పోయి ఉంటే పెద్దమనసుతో క్షమించండి. అవి మాత్రం ఫిల్టర్ వల్ల పోయినవి కావు.