సౌదీ మాత్రలు

చచ్చిపోవాలని ఉందని పదో తరగతి చదివే నా కూతురు నోటుబుక్కులో రాసుకుంది. అది చూసి నా మొగుడు దాన్ని కడపలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. పిల్ల ఒక్కతే వస్తే చాలదు, ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడాలని ఆమె చెప్పింది. నేను జెద్దాలో ఒక సౌదీ ఇంట్లో వంటపని చేస్తాను కాబట్టి వీడియో ఫోన్లో కూర్చున్నాను. పొయ్యి మీద వాళ్ల మాంసం అన్నం, కబ్సా ఉడుకుతోంది.

పిల్లకు అందకుండా తాళం వేసి పెట్టించడానికి ఇంట్లో ఉన్న మందులన్నీ తెమ్మని డాక్టరమ్మ ముందే చెప్పిందట. మా అత్త సంచి తెచ్చి బల్ల మీద కుమ్మరించింది. అన్నీ అరబ్బీ అక్షరాల డబ్బాలే. ఊరికి పోయే ప్రతి మనిషి చేతా నేను పంపినవే. సౌదీ మాత్ర వేసుకుంటే ఇట్టే తగ్గుతుందని వీధంతా మెచ్చుకుంటుంటే నాకు గొప్పగా ఉండేది.

"ఇన్ని ఎవరికోసం తెప్పించారు?" అంది డాక్టరమ్మ.

"తలనొప్పంటే మాత్ర పంపుతాది మా యమ్మ. నిద్దర పట్టలేదంటే ఇంగోటి పంపుతాది. ఎందుకు పట్టలేదని ఒక్కసారన్నా అడగల్యా," అంది నా కూతురు.

నాకు ఒళ్లు మండింది. ఎవరికోసం ఇక్కడ పడి చాకిరీ చేస్తున్నానని అరవబోయాను. డాక్టరమ్మ నన్ను ఆపి, పిల్ల అన్న ఆ మాటే ఇప్పుడు దాన్ని అడగమంది.

"నిద్దర ఎందుకు పట్టడంల్యా పాపా?" అన్నాను.

అది చెప్పడం మొదలుపెట్టింది. కబ్సా అడుగంటింది. మాడు వాసనకు యజమానురాలు వచ్చి కేకలు వేసింది. వేసుకోనీ అనుకుని పొయ్యి ఆపి, వంటగది తలుపు మూసుకున్నాను.