నాకు అర్థంకాని ఆ అరగంట

మా వీధి రేడియో మెకానిక్ పోయిన శుక్రవారం కన్నుమూశారు. మధ్యాహ్నం నమాజుకని బయలుదేరి, చెప్పులు తొడుక్కోవడానికి గుమ్మంలో కూర్చున్నవారు మళ్ళీ లేవలేదట. కబురు వచ్చేసరికి నేను కందిపప్పు ఏరుతున్నాను. చేట పక్కన పెట్టేశాను. ఆయనతో చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గరే మిగిలిపోయింది.

నరసరావుపేటలో మా ఇంటికి ఎదురుగానే ఆయన కొట్టు. నూజెండ్ల నుంచీ వెల్దుర్తి నుంచీ రైతులు రేడియోలను తువ్వాళ్ళలో చుట్టి తెచ్చేవారు. "పాడైందా భాయ్?" అని అడిగితే, "పాడవలేదు, అలిగింది. బతిమాలదాం," అనేవారు. విప్పిన మరలు టీ సాసరులో వేసి, పక్కన ఆ రేడియో వచ్చిన ఊరి పేరు రాసిన చీటీ పెట్టేవారు. బాగైన రేడియోను వెంటనే ఇచ్చేవారు కాదు. తెచ్చిన మనిషిని బల్ల మీద కూర్చోబెట్టి, వార్తలు మొదటినుంచి చివరిదాకా వినిపించి, అప్పుడు చేతికిచ్చేవారు. మనుషులు నాకు తొందరగా నచ్చరు. ఆ కచ్చితత్వం వల్ల ఆయన నచ్చారు.

నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. వీధిలో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా, మందు చీటీ అయినా, కోర్టు నోటీసు అయినా, నా దగ్గరికే తెచ్చేవారు. నేను చదివి చెప్పిందే ఖాయం. మరొకరిని అడిగేవారు కాదు.

చాలా ఏళ్ళ కిందట ఒక ఆదివారం సాయంత్రం ఆయన టేప్ రికార్డర్ చంకన పెట్టుకుని వచ్చారు. షార్ట్‌వేవ్‌లో లండన్ నుంచి వచ్చిన హాస్య కార్యక్రమం ఒకటి క్యాసెట్‌లోకి పట్టారట.

"టీచరమ్మా, ఈళ్ళేందో అంటన్నారు, అక్కడ జనం పొట్ట పట్టుకుని నవ్వుతన్నారు. ఇంగ్లీషు రాకపోయినా నాకూ నవ్వొస్తంది. సంగతేందో తెలిస్తే ఇంకా చానా నవ్వుకుంటా. కాస్త చెప్పండి."

మొదట ప్రకటించే మనిషి మాట్లాడాడు. ఆ కార్యక్రమం మొదలైన కొత్తలో చేసిన భాగాన్ని మళ్ళీ వినిపిస్తున్నామన్నాడు. అంతవరకు చక్కగా తెలుగులో చెప్పాను. తరవాత నలుగురు మనుషులు నలభై గొంతులతో మీద పడ్డారు. తలుపులు కిర్రుమన్నాయి, బాతు అరిచింది, ఏదో పేలింది, జనం విరగబడి నవ్వారు. గరగరల మధ్య ఒక్క వాక్యం కూడా నాకు పట్టుబడలేదు. ఆయన టేపు వైపు చూడటం లేదు. నేనెప్పుడు నవ్వుతానా అని నా ముఖం చూస్తున్నారు.

అరగంటా విని, "దీంట్లో ఏమీ లేదు. అర్థం లేని కూతలు. కరెంటు దండగ," అన్నాను.

"అంతేనంటారా?"

"అంతే."

ఆయన టేపు ఆపి, "మీకు శ్రమ ఇచ్చా," అని వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా అదే క్యాసెట్ మళ్ళీ తెచ్చారు. కూతురి పదో తరగతి ఇంగ్లీషు పాఠం అందులోకి చదివి పెట్టమన్నారు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. చదివాను. ఆ నవ్వులు చెరిగిపోయి, వాటి మీద నా పాఠం ఎక్కింది.

ఈమధ్య పేపర్లో ఒక సంగతి చూశాను. అలాంటి కార్యక్రమాల తొలి భాగాలు కొన్ని, ప్రసారం చేసినవాళ్ళ దగ్గరే మిగల్లేదట. శ్రోతలు ఇళ్ళలో పట్టుకున్న టేపుల కోసం వెతుకుతున్నారట. మా వీధిలోది అలాంటిదో కాదో నాకు తెలియదు. ఇక తేల్చే దారీ లేదు. మీ అటక మీద పాత క్యాసెట్లుంటే, ఏమీ లేదని ఎవరన్నా సరే, ఒకసారి విని చూడండి.

ఆ పేపరు పట్టుకుని వెళ్ళి, "ఆ రోజు నాకే అర్థం కాలేదు," అని ఆయనతో చెప్పాలనుకున్నాను. రోడ్డు దాటితే చాలు. ఎండలు తగ్గాక వెళదామనుకున్నాను. ఆయన కంటి ఆపరేషన్ అయ్యాక అనుకున్నాను. తప్పు ఒప్పుకోని పిల్లలను బెంచీ ఎక్కించినదాన్ని, నాకు మాత్రం గడువు మీద గడువు ఇచ్చుకున్నాను.

మూడో రోజు పలకరించడానికి వెళ్ళాను. ఆడవాళ్ళు చాప మీద కూర్చుని ఉన్నారు. ఆ కూతురికి ఇప్పుడు నడివయసు. ఆమె పక్కన కూర్చుని, అందరూ వింటుండగానే జరిగింది చెప్పాను.

"నాయనకి తెలుసు టీచరమ్మా," అంది.

"ఏం తెలుసు?"

"మీకు అర్థం కాలేదని. అర్థమైన మనిషికి అంత కోపం రాదని ఆ రోజే అన్నాడు. టేపుంటే ఇంకెవరో విని మళ్ళా మిమ్మల్నే అడుగుతారు, నలుగురిలో మీకు చిన్నతనం అని పాఠం ఎక్కించాడు. నాకా పాఠం అప్పటికే కంఠతా వచ్చు."

నా మర్యాద కోసం ఆయన తనకిష్టమైన అరగంటను చెరుపుకున్నారు. నా మాట నమ్మారనుకుని నేను ఇన్నేళ్ళూ తలెత్తుకు తిరిగాను.

"దిగులు పడలేదూ?" అన్నాను.

"టేపు పోతే ఏంది, అదంతా తనే ఏసి చూపేవాడు. అన్నం తిన్నాక పళ్ళెం వాయిస్తా, నాలుగు గొంతులూ తనే."

"ఏదీ, నువ్వు వెయ్యి."

"ఇప్పుడా? ఈ ఇంట్లోనా?"

గోడకానుకున్న మేనత్త, "ఎయ్యవే. మా అన్న ఉంటే వద్దనేవాడా?" అంది.

కూతురు కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. ముసలాయన గొంతు, దొరసాని గొంతు, ఇంగ్లీషు కాని ఇంగ్లీషు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె ఆపుకోలేక నవ్వేసింది. ఈసారీ నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేనూ నవ్వాను.

బాతు అరిచే చోటుకు వచ్చింది. వేళ్ళు బాతు ముక్కులా మడిచి, చెయ్యి పైకెత్తి, ఆగిపోయింది.

"దీని తర్వాతది నాకు రాదు టీచరమ్మా. నాయనే చెయ్యాల."

ఎత్తిన చెయ్యి మాత్రం దించలేదు. మేమంతా ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాం.