అల్ ఐన్‌లో కుట్టిన పొడుగు కందూరా

ఎమిరేట్స్‌లోని అల్ ఐన్‌లో అరబ్బు మగవాళ్లు తొడిగే పొడుగు అంగీలు, కందూరాలు, కుట్టే షాపులో నాది కటింగ్, కుట్టు పని. కరోనా తగ్గాక ఒక పాత గిరాకీ మళ్లీ వచ్చాడు. అంతకుముందు అతని కందూరా చీలమండకు నాలుగు వేళ్లు పైనే ఆగాలి, కిందికి దిగితే పాపమట. ఒకసారి నా మిషన్ పైనున్న దేవుడి పటం చూసి, ఓనర్‌కు చెప్పి నా చేతనే తీయించాడు. ఆ మంట నాకు చల్లారలేదు. ఉగ్రవాద చట్టం కింద అతన్ని జైల్లో వేశారని విన్న రోజు షాపులో అందరికీ చాయ్ తాగించాను.

ఇప్పుడు గడ్డమూ లేదు, ఆ గదమాయింపూ లేదు. "ఈసారి పొడుగ్గా కుట్టు భాయ్" అని హిందీలో మెల్లగా అన్నాడు. వంగి చూస్తే చీలమండకు నల్లటి ఎలక్ట్రానిక్ పట్టీ. శిక్ష అయిపోయినా కోర్టు నిఘాలో పెట్టిందట, రెండేళ్లు అది విప్పకూడదు. శుక్రవారం కూతురి సంబంధం ఖాయం చేసుకోవడానికి అబ్బాయి తరఫు మగవాళ్లు వస్తున్నారు.

"జైలు సంగతి వాళ్లకు తెలుసు. ఇది చూస్తే లేచి వెళ్లిపోతారు" అన్నాడు.

నిలబెట్టి కొలిచాను. నేలకు వేలెడు పైన ఆపాను. కింద కూర్చుంటే బట్ట బెత్తెడు పైకి లేస్తుందని కత్తెర పట్టిన ఎవడికైనా తెలుసు. ఎప్పుడూ పొట్టివే తొడిగిన అతనికి ఆ ధ్యాస లేదు. నేను చెప్పలేదు.

పక్క మిషన్ మీది సిరిసిల్ల అన్న మాత్రం ఊరుకోలేదు. "కింద ఎడల్పు పెట్టు తమ్మీ. కూసుంటె కాలు కనవడ్తది."

"పొడుగు అడిగిండు, పొడుగు వెట్టిన. ఖలాస్" అన్నాను.

తర్వాతి వారం అతను వచ్చాడు. గొడవకు సిద్ధంగా ఉన్నాను. అతను బెంచీ మీద కూలబడ్డాడు. తివాచీ మీద కూర్చుని కాఫీ తాగుతుంటే అబ్బాయి మేనమామ కళ్లు కాలి మీద పడ్డాయట. కప్పులు కింద పెట్టి అందరూ లేచిపోయారు. పిల్ల అన్నం ముట్టడం లేదట.

"నువ్వు బాగానే కుట్టావు భాయ్. నాకే కూర్చోవడం చేతకాలేదు" అన్నాడు.

నిజం చెప్తున్నాను, నాకు లోపల సంతోషంగానే ఉండింది.

అతను వెళ్లాక అన్న మిషన్ ఆపాడు. "కోర్టు ఆయనకు ఆ పట్టీ రెండేండ్లే ఏసింది. ఆ పిల్లకు నువ్వెన్నేండ్లు ఏసినవ్ రా?"

నాకు సిగ్గు వేయలేదు. ఒళ్లు మండింది. అన్నతో నెల రోజులు మాట్లాడలేదు.