మామ్మ సాక్ష్యం

ఆ రోజుల్లో ఖరగ్‌పూర్‌లో తెలుగువాడిగా పుట్టిన కుర్రాడికి రెండు పేర్లు ఉచితంగా దొరికేవి. రైల్వే వర్క్‌షాపులో బెంగాలీ దాదాలు, అంటే అన్నలు, "ఎయ్ మద్రాజీ" అని పిలిచేవారు. ఊరికి ఆ చివరనున్న పెద్ద ఇంజినీరింగు కాలేజీలో చదువుకోవడానికి ఆంధ్రా నుంచి వచ్చిన కుర్రాళ్ళేమో మమ్మల్ని "లోకల్స్" అనేవారు. మద్రాసు నేను చూసిన పాపాన పోలేదు. లోకల్ అంటే బెంగాలీవాళ్ళు ఒప్పుకోరు. ఈ రెండింటి మధ్యా ఇరుక్కున్నవాడికి ఇరవై ఏళ్ళ వయసులో ఏ రోగం వస్తుందో మీకు నేను చెప్పాలా? నాకు కవిత్వం వచ్చింది. (ఇంట్లో ముందు మలేరియా అనుకున్నారు.)

రోగం ముదరడానికి కారణం ఒక కళ్ళద్దాల కుర్రాడు. ఆ కాలేజీలో తెలుగు విద్యార్థుల సంఘం కార్యదర్శి. ఒకసారి పూరీ గేటు దగ్గర టీ కొట్లో నేను కొట్టు దాదాతో బెంగాలీలో గొడవపడి, ఆ కోపంలోనే నాలో నేను తెలుగులో తిట్టుకుంటుంటే విని, "అరె, మీకు తెలుగు బాగానే వచ్చేసిందండీ! ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నేర్సుకోడమేటండీ, మాది తెలుగే" అన్నాను. అతను నవ్వు ఆపుకుంటూ "ఆ యాస భలే తమాషాగా ఉందండీ" అని, ఉగాదికి తమ కాలేజీలో కవి సమ్మేళనం పెడుతున్నామనీ, అంశం వలస అనీ, మా రైల్వే క్వార్టర్ల పేట ఓల్డ్ సెటిల్‌మెంటు తరఫున ఎవరైనా చదివితే బాగుంటుందనీ అన్నాడు. ఆ సమ్మేళనంలో కూర్చునే ప్రతివాడి చేతా నేను అసలు సిసలు తెలుగువాణ్ణని ఒప్పించకపోతే నా బతుకెందుకని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను.

వలస మీద రాయాలంటే వదిలి వచ్చిన ఊరొకటుండాలి. నాకది లేదు. పుట్టింది రైల్వే ఆసుపత్రిలో, పెరిగింది రైల్వే క్వార్టర్లో. ఊరు వదిలి వచ్చింది మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి. తాతకు రైల్వేలో బొగ్గు పని దొరికితే ఆయన వెనకాలే శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక మూటతో రైలెక్కిందట. కనక ఆవిడ దుఃఖాన్ని కాస్త అరువు తెచ్చుకుందామని వంటింట్లోకి వెళ్ళాను.

"మామ్మా, మనూర్లో ఏటుండేది?"

"ఏటుంతాది? గెడ్డుండేది. వోనొస్తే నీల్లు, నేకపోతే ఇసక."

"మరి తోటలుండేవా?"

"ఉండీవి. మనవి కావు."

"తలుసుకుంటే ఏడుపు రాదా?"

"ఎందుకురా గుంటడా? సేపలు మాడిపోతున్నాయి, లెగు, అడ్డం లెగు."

ఇలాంటి మనిషిని పెట్టుకుని కవిత్వం ఎలా రాయడం? ఎండిన వాగును జీవనది చేశాను. తోటలన్నీ మా పేర రాసేశాను. ఏడుపు కూడా నేనే సమకూర్చాను. మామ్మకొక అలవాటుండేది. మధ్యాహ్నం అందరికీ అన్నాలు పెట్టి, తానూ తిని, వీధి గుమ్మంలో పీట వేసుకుని, కొంగు నెత్తిన కప్పుకుని చాలాసేపు కూర్చునేది. ఆ గుమ్మం దక్షిణానికి ఉంది. మా ఊరూ దక్షిణాన్నే ఉంది. కవికి ఇంకేం కావాలి?

ఎండకు కాగిన గుమ్మంలో
దక్షిణానికి తిరిగి కూర్చుంటుంది మామ్మ,
రాని ఊరి కోసం
కళ్ళు కాయలు కాచేలా.

ఉగాది రోజున మనవడు మైకులో మాట్లాడతాడని తెలిసి మామ్మ కూడా బయల్దేరింది. ఆవిడకు మైకంటే చర్చే. మా తెలుగు చర్చిలో ఆదివారం ఎవరైనా లేచి, దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పవచ్చు. మామ్మ ముందు వరసలో కూర్చుని వారం వారం చెప్పేది. తన గురించి ఎవరైనా ఒక్క మాట తప్పు చెప్పినా, అది పాస్టరుగారైనా సరే, అక్కడికక్కడే లేచి సరిదిద్దేది. ఆ సంగతి నాకు ముందే తట్టి ఉంటే ఆవిణ్ణి ఇంట్లో పెట్టి తాళం వేసేవాణ్ణి.

హాల్లో కూడా తిన్నగా ముందు వరసలోకే వెళ్ళి కూర్చుంది. నేను యాసనంతా దిగమింగి, పుస్తకాల తెలుగులో గొంతు వణికిస్తూ చదవడం మొదలుపెట్టాను. జీవనదికి చప్పట్లు పడ్డాయి. తోటలకూ పడ్డాయి. కళ్ళద్దాలతను అబ్బురంగా చూస్తున్నాడు. ఇంకేముంది, గెలిచేశాననుకుంటూ గుమ్మం పంక్తులు చదివానో లేదో మామ్మ లేచింది.

"ఒరే, ఆగరా! నాను ఊరి కోసం కూకుంతానా? కుళాయి కోసం కూకుంతాన్రా! నీల్లొచ్చీసరికి బకెట్టు ముందెట్టకపోతే పక్కింటి దీదీ ఊరుకుంతాదా?"

హాలు గొల్లుమంది. మామ్మ జనం వైపు తిరిగింది. "బాబూ, మీరు సదువుకున్నోలు. ఆడి మాటలు నమ్మకండి. ఆ ఊర్లో మాకు గంజి నేదు. నన్ను రమ్మని ఎవులూ కబురెట్టనేదు. నానెందుకు ఏడుస్తాను? నా ఊరు ఓల్డ్ సెటిల్‌మెంటు. దేవునికి స్తోత్రం" అని కూర్చుంది. (అలవాటు కొద్దీ నేను మైకులో "ఆమెన్" అనేశాను.)

ఆ తర్వాత నా కవితలో ఇంకా పద్దెనిమిది పంక్తులున్నాయన్న సంగతి ఎవరికీ పట్టలేదు. కాగితం మడిచి దిగేసరికి కళ్ళద్దాలతను పరుగున వస్తున్నాడు. అయిపోయింది, ఇక హాస్టలంతా మా యాసను అనుకరించి చంపుతారనుకున్నాను. అతను నన్ను దాటిపోయి మామ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మామ్మా, మీ ఊరేటి? మా అమ్మమ్మ కూడా అచ్చం ఇలాగే మాటాడతాది."

మా వైపువాడే! హాస్టల్లో నవ్వుతారని చేరిన దగ్గర్నుంచీ ఆ యాసను కడుపులో దాచుకుని తిరుగుతున్నాడు. మామ్మ అతని గడ్డం పట్టుకుని చూసి, "ఏటి బాబూ, ఇలాగ సిక్కిపోనావు? ఆదివారం రా, సేపల పులుసెడతాను" అంది. చదువు పూర్తయ్యేదాకా ప్రతి ఆదివారం వచ్చాడు, కొన్నిసార్లు స్నేహితుల్ని కూడా వెంటేసుకుని. వాళ్ళందరికీ నన్ను "మామ్మ మనవడు" అని పరిచయం చేసేవాడు. రైల్వే పాసులో డిపెండెంటు పేరు చేర్చినట్టు మొత్తానికి నన్నూ తెలుగువాళ్ళలో చేర్చారు. కవిగా మాత్రం ఎవరూ చేర్చలేదు.

ఇప్పుడు నేను ఉద్యోగ విరమణ చేసి విశాఖపట్నంలో ఒక అపార్టుమెంటులో ఉంటున్నాను. ఇక్కడ అంతా తెలుగువాళ్ళే. వాళ్ళు నన్ను "మూడో అంతస్తు బెంగాలీ ఆయన" అంటారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చోవడం నాకు అలవాటు. అది ఈశాన్యం వైపుంది. ఖరగ్‌పూరూ అటే ఉంది. మొన్న మా ఆవిడ వచ్చి "రోజూ ఏం చూస్తారండీ అలా?" అంది.

"నీళ్ళ ట్యాంకరు వస్తుందేమోనని" అన్నాను.

"అదేమిటి, ట్యాంకరు పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయింది కదా!"

అవును కదా అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. ఓల్డ్ సెటిల్‌మెంటులో మా వీధి కుళాయికి కూడా నీళ్ళు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చేవి. మధ్యాహ్నం ఆ కుళాయి దగ్గర కాకి కూడా ఉండేది కాదు. అంతమంది ముందు లేచి నిలబడి ఎంత ధీమాగా చెప్పింది మహాతల్లి! ఆవిడ ఇప్పుడుంటే పక్కనే పీట వేసుకుని కూర్చునేవాణ్ణి, ఏమీ అడగకుండా. ఆ జీవనదినీ తోటల్నీ కొట్టేస్తే, ఆ ఇరవై ఏళ్ళ వెర్రివాడు తనకే తెలియకుండా నాలుగు పంక్తులు నిజం రాసేశాడు పాపం.

మా ఆవిడ ఎండగా ఉందని కుర్చీ లోపల వేయబోయింది. వద్దన్నాను. ట్యాంకరు రెండోసారి కూడా వస్తుందేమో, ఎవరు చూడొచ్చారు.