కట్టు కట్టిన చెయ్యి

ఆఫీసులో అందరూ ఆమెను పంతులమ్మ అనేవారు. ఎగతాళికి మొదలైన పేరే గానీ, నెల తిరిగేసరికి ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. నలభై దాటిన మనిషి వెళ్ళి పాతికేళ్ళ పిల్లల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంటే ఏదో ఒక పేరు పడక తప్పదు. పైగా నిన్నమొన్నటి దాకా ఆమె ఇంట్లో ట్యూషన్లు చెప్పిన లెక్కల పంతులమ్మే. పేరులో అబద్ధం లేదు కనక ఆమె కూడా పలికేది.

చదివింది మాత్రం కంప్యూటర్లు. పెళ్ళికి ముందు ఏడాది ఉద్యోగం చేసింది కూడా. తరవాత కూతురు పుట్టింది, కూతురితో పాటే దాని ఉబ్బసమూ పుట్టింది. ఈ ఒక్క ఏడాదీ ఆగుదాం అనుకుంది. అలాంటి ఒక్క ఏడాదులు ఎలా సాగుతాయో తెలిసిందే కదా, పదిహేనేళ్ళు సాగింది. పిల్ల ఆరోగ్యం కుదుటపడి, దాని ఊపిరి దానికి సరిగ్గా ఆడడం మొదలయ్యాక, తనకు మాత్రం ఇంట్లో ఊపిరాడడం లేదని ఆమెకు తెలిసొచ్చింది. తుప్పు పట్టిన చదువును తోముకుని ఉద్యోగాల వేటలో పడింది. ఇంతకాలం ఏం చేశారండీ అని అడిగి, ఆమె నోరు తెరిచేలోపే గడియారం చూసుకునే పెద్దమనుషులను చాలామందిని చూసింది.

చివరికి ఫర్నిచర్ షాపు పైనున్న ఒక చిన్న కంపెనీ తీసుకుంది. దూరప్రయాణాల బస్సులకు సీట్లు బుక్ చేసే సాఫ్ట్‌వేర్ వాళ్ళ వ్యాపారం. యజమాని లావుపాటి మనిషి, మాట నెమ్మది. మూడు నెలలు చూస్తానన్నాడు. ఆఖర్న మన సాఫ్ట్‌వేర్‌లోని ఒక తప్పు ఇస్తాను, నా ఎదుట కూర్చుని, ఎవరి సాయం లేకుండా మీరే దాని మూలం పట్టుకుని సరిచేయాలి, చేస్తే ఉద్యోగం మీది, లేకపోతే ఏమీ అనుకోవద్దు అని మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆమె సరేనంది. ఈసారి కూడా ఇంటికి పంపేస్తే మళ్ళీ ఇంకో తలుపు తట్టే ధైర్యం తనకు మిగలదని ఆమెకు తెలుసు. ఆ మాట భర్తతో కూడా అనలేదు.

పని నేర్పడానికి ఆమెను తుఫాను పక్కన కూర్చోబెట్టారు.

తుఫాను అంటే ఒక మనిషే. సన్నగా, పొడుగ్గా, ముప్పై ఏళ్ళవాడు. మోటారుసైకిల్ మీద వచ్చేవాడు, మెట్లు రెండేసి ఎక్కేవాడు, కీబోర్డు మీద వేళ్ళు పెడితే పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టు ఉండేది. కంపెనీలో సగం సాఫ్ట్‌వేర్ అతని చేతి మీదే పుట్టింది. మంచివాడు, ఆ మాటకొస్తే బంగారం. కానీ బంగారం కూడా ఒక్కోసారి గుచ్చుకుంటుంది. ఆమె ఏదన్నా సందేహం అడిగితే, అడగడం పూర్తికాకముందే, "అది కాదండీ, ఇలా ఇవ్వండి" అని కీబోర్డు తనవైపు లాక్కునేవాడు. టకటక. "అయిపోయింది, చూశారా?" అని వెనక్కి తోసేవాడు.

చూసింది. గారడీవాడు టోపీలోంచి పావురాన్ని తీస్తుంటే కూడా చూస్తాం. అంతమాత్రాన మనకు పావురం తీయడం వస్తుందా? పనిమంతుల మీద నాకు గౌరవమే గానీ, నేర్చుకునేవాడి చేతిలో పని లాక్కుని చేసిపెట్టేవాళ్ళు మాత్రం సాయం చేస్తున్నామనుకుంటూ ఎదుటివాడి కాళ్ళు విరగ్గొడతారు. నెలన్నర గడిచింది. పంతులమ్మ ఖాతాలో పూర్తయిన పనులు చాలానే ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఆమె చేసింది కాదు.

ఆ దిగులు ఇంటికి మోసుకుపోయేది. ఒక సాయంత్రం కూతురు బంగాళాదుంపలు కోస్తోంది. ఒక ముక్క గోళీకాయంత, ఒక ముక్క గుప్పెడంత. పంతులమ్మ కాసేపు చూసి, ఇక చూడలేక, కత్తి లాక్కుని చకచకా కోసి పడేసింది. కూతురు చేతులు కడుక్కుని వెళ్ళిపోతూ, "రోజూ తుఫాను తుఫాను అని ఏడుస్తావు గానీ, మనింట్లో ఉన్నది ఏంటమ్మా?" అంది. పిల్ల నోటికి అడ్డూ ఆపూ లేదని విసుక్కుంది గానీ, ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది.

ఇలా ఉండగా ఒక సోమవారం పొద్దున, అప్పుడే తడిగుడ్డ పెట్టిన మెట్ల మీద, ఫోను చూసుకుంటూ, యథాప్రకారం రెండేసి మెట్లు ఎక్కబోయి తుఫాను జారిపడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. మర్నాడు మోచేతి దాకా సిమెంటు కట్టుతో, మెడకు వేలాడేసిన గుడ్డలో చెయ్యి పెట్టుకుని ఆటోలో వచ్చాడు. ఎడంచేత్తో కీబోర్డు కొట్టబోతే కోడి గింజలు ఏరుకున్నట్టుంది. ఆఫీసంతా నవ్వింది. అతనికి మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

యజమాని వచ్చి చూశాడు. నోరు బాగానే ఉంది కదా అన్నాడు. నువ్వు చెప్పు, పంతులమ్మ కొడుతుంది, కట్టు విప్పేదాకా ఇద్దరూ కలిసి ఒక మనిషి అని తేల్చేసి వెళ్ళిపోయాడు.

ఆ మొదటివారం ఇద్దరికీ నరకమే. తుఫానుకు చెయ్యడం వచ్చు గానీ చెప్పడం రాదు. అక్కడ, కాదు దాని పైన, అబ్బా పైనంటే మరీ అంత పైన కాదు అని కుర్చీలో గింజుకునేవాడు. కట్టులో ఉన్న వేళ్ళు వాటంతటవే ఆడేవి. ఆమె అక్షరం వెతుక్కుంటుంటే అతను పళ్ళు నూరుకునే చప్పుడు వినబడేది. ఒక మధ్యాహ్నం అతను, ఎందుకని అడగకండి, చెప్పింది కొట్టండి చాలు అనేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలెత్తారు.

ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. గొంతు పెంచలేదు.

"కొడతానండీ. కానీ ఎందుకో చెప్తేనే కొడతాను. మీ చెయ్యి బాగయ్యాక మీకు నాతో పనుండదు. నాకు మాత్రం అప్పుడే అసలు పని మొదలవుతుంది."

తుఫాను ముఖం కందగడ్డలా అయింది. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాడు. వచ్చి కుర్చీ దగ్గరికి లాక్కుని, కాస్త తగ్గిన గొంతుతో, సరే మొదట్నుంచీ చెప్తాను వినండి అన్నాడు.

ఆ రోజు నుంచి ఆట మారింది. ప్రతి వరసకూ ఆమె ఎందుకు అని అడిగేది, అతను చెప్పేవాడు. బస్సులో సీటుకు కర్చీఫ్ వేసినట్టేనండీ అని మొదలుపెట్టాడు. ఎవరైనా ఒక సీటు ఎంచుకోగానే మన సాఫ్ట్‌వేర్ దాని మీద కర్చీఫ్ వేస్తుంది, ఆ తరవాతే డబ్బు అడుగుతుంది, డబ్బు రాకపోతే కర్చీఫ్ తీసేస్తుంది. ఆమెకు నవ్వొచ్చింది, అర్థమూ అయింది. అర్థమైందన్న ఆనందం ఎంత పెద్దదో, అది లేక నెలన్నర ఎండిపోయినవాళ్ళకే తెలుస్తుంది. ఆ వేళ ఇంటికి నడిచి వెళ్ళింది, బస్సెక్కడం కూడా మరిచిపోయి.

చెబుతూ చెబుతూ తుఫాను కూడా అక్కడక్కడా తడబడేవాడు. ఇదెందుకు ఇలా రాశానబ్బా అని తనలో తనే గొణుక్కునేవాడు. కొన్నిచోట్ల మాత్రం, అది ఎప్పట్నుంచో అంతేనండీ, పదండి అని దాటేసేవాడు. పంతులమ్మ దాటేది గానీ మరిచిపోయేది కాదు. లెక్కలో మెట్టు ఎగ్గొట్టిన పిల్లవాణ్ణి పట్టుకోవడం ఆమెకు పదిహేనేళ్ళ అలవాటు.

కొన్ని వారాలకు సిమెంటు కట్టు పోయి గుడ్డకట్టు వచ్చింది. మెడలో గుడ్డ అలాగే ఉంది. ఇంకా జాగ్రత్తగా ఉండమన్నారని చెప్పాడు. ఒకరోజు అతని బల్ల మీద హెల్మెట్ కనబడింది. ఎవరిదో అనుకుంది. అప్పటికి ఆమె తలంతా తన పరీక్ష మీదే ఉంది.

గడువు రానే వచ్చింది. యజమాని ఇచ్చిన తప్పు చిన్నది కాదు. ఒకే సీటు ఇద్దరికి అమ్ముడుపోతోంది. బస్సులో ఇద్దరూ టికెట్లు చూపించి జుట్లు పట్టుకుంటుంటే డ్రైవర్లు తలలు పట్టుకుంటున్నారట. ఎప్పుడో ఒకసారి జరుగుతోంది, ఎందుకో తెలియడం లేదు. ఆమె కంప్యూటర్ తెరను గోడ మీద కనబడేలా వేశారు. యజమాని ఒక పక్క, తుఫాను ఒక పక్క, వెనక నలుగురైదుగురు. ఎవరూ నోరెత్తకూడదు.

పంతులమ్మ మొదలుపెట్టింది, కానీ తప్పు లేని చోట మొదలుపెట్టింది. డబ్బు తీసుకునే భాగంలో వెతికింది, ఏమీ లేదు. టికెట్ అచ్చయ్యే భాగంలో వెతికింది, అక్కడా లేదు. వెనక ఎవరో కుర్చీ జరిపారు. యజమాని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అలా చూసే ముఖాలు ఆమెకు కొత్త కాదు, చాలా గదుల్లో చూసింది. లేచి వెళ్ళిపోదామనిపించింది.

ఓరగా తుఫాను వైపు చూసింది. గుడ్డలో అతని వేళ్ళు తెగ కదులుతున్నాయి. నుదుట చెమట. అతనికి జవాబు తెలుసో తెలియదో గానీ, చెయ్యి మాత్రం గుడ్డ దాటలేదు, మాట పెదవి దాటలేదు. ఆ చేతిని చూస్తుంటే అతను చెప్పిన మొదటి పాఠం గుర్తొచ్చింది. కర్చీఫ్. ఒకే సీటు ఇద్దరికి పోయిందంటే ఎక్కడో కర్చీఫ్ వేయకుండా సీటు అమ్ముతున్నారన్నమాట. ఎక్కడ? ఎప్పట్నుంచో అంతేనండీ, పదండి అని అతను దాటేసిన చోట్లను ఒక్కొక్కటే తెరిచింది. మూడోది, ఎవరైనా టికెట్ రద్దు చేసుకుంటే ఆ సీటు తిరిగొచ్చే దారి. కొత్త సీట్లన్నిటికీ కర్చీఫ్ ఉంది. తిరిగొచ్చిన సీటుకు లేదు. ఇద్దరు ఒకేసారి చూస్తే ఇద్దరికీ ఖాళీగానే కనబడుతుంది, సాఫ్ట్‌వేర్ ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకుంటుంది.

ఆమె ఎందుకు తప్పో గట్టిగా చెబుతూనే సరిచేసింది, పిల్లలకు నల్లబల్ల మీద లెక్క చేసి చూపించినట్టు. తరవాత తనూ, వెనకున్న ఆఫీసు పిల్ల ఒకతే చెరో ఫోను తీసుకుని, రద్దయిన సీటు కోసం ఒకేసారి నొక్కారు. పిల్లకు సీటొచ్చింది. పంతులమ్మకు, ఈ సీటు ఇప్పుడే వేరొకరు తీసుకున్నారు అని వచ్చింది. సీటు దొరకనందుకు అంత సంతోషించిన మనిషి ఇంకొకరు ఉండరు.

యజమాని కిటికీ వదిలి వచ్చాడు. వచ్చేవారం నుంచి కొత్తమ్మాయి ఒకతె చేరుతోంది, మీ పక్కన కూర్చోబెడతాను, పని నేర్పండి అన్నాడు. ఉద్యోగం మీది అని వేరే చెప్పలేదు. పంతులమ్మకు కళ్ళు నిండిపోయాయి, దాచుకోవడానికి గబగబా టీ గదిలోకి వెళ్ళింది.

అక్కడ తుఫాను ఉన్నాడు. రెండు చేతుల్లో రెండు టీ కప్పులు. మెడలో గుడ్డ ఖాళీగా వేలాడుతోంది.

ఆమె చూసింది. అతను చూశాడు. దొంగ దొరికిపోయాడు.

"కట్టు తీసేసి వారం దాటిందండీ," అన్నాడు నేల చూస్తూ. "ఇది మెడలో లేకపోతే నా చెయ్యి నా మాట వినదు. ఇందాక మీరు డబ్బుల దగ్గర వెతుకుతున్నప్పుడు రెండుసార్లు బయటికొచ్చేయబోయింది."

పంతులమ్మ ఇంతకాలం చేతులు తన పని లాక్కోవడమే చూసింది గానీ, తన కోసం ఒక చెయ్యి తనను తాను కట్టేసుకోవడం ఎప్పుడూ చూడలేదు. టీ కప్పు అందుకుంది. అతను మెడలోంచి గుడ్డ తీసి, మడతపెట్టి, కొత్తమ్మాయి వస్తోందిగా, ఇక మీకే పనికొస్తుంది అని ఇచ్చాడు. ఆమె నవ్వి సంచిలో వేసుకుంది.

ఇంటికెళ్ళేసరికి వంటింట్లో కూతురు దుంపలు కోస్తోంది. అమ్మ రాకముందే ముగించాలని తొందర. ముక్కలు గోళీకాయంత, గుప్పెడంత, ఎప్పటిలాగే. పంతులమ్మ గుమ్మంలోనే ఆగింది. సంచి తెరిచి, గుడ్డ తీసి మెడలో వేసుకుని, కుడిచెయ్యి అందులో పెట్టుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది.

కూతురు తిరిగి చూసి అదిరిపడింది. "అమ్మా, చేతికేమైంది?"

"ఏం కాలేదు. ఉద్యోగం వచ్చింది," అంది పంతులమ్మ. "నువ్వు కొయ్యి, నేను చూస్తుంటాను."