‘బాగున్నాం దొరా’ అనలేకపోయిన రోజు

సహోదరులారా, సహోదరీలారా, నా కూతురు ఎస్తేరుకి ఏడేళ్ళు వచ్చేదాకా తండ్రి ముఖం ఎలా ఉంటుందో తెలియదు. తండ్రి చనిపోలేదు, మమ్మల్ని వదిలేసి పోలేదు, నది ఎగువన రెండు రోజుల నడక దూరంలోనే ఉన్నాడు. అయినా మా దగ్గర ఉండలేకపోయాడు. ఆ ఏడేళ్ళ చీకటిలోంచి ప్రభువు మమ్మల్ని ఎలా బయటికి తెచ్చాడో చెప్పడానికి ఈ పూట మీ ముందు నిలబడ్డాను. నేను శాంతమ్మను, ఈ బాగన్ దాతుక్ తోటలో కొబ్బరికాయలు పగలగొట్టి ఎండబెట్టే దాన్ని, చదువు లేదు, నోరు మాత్రం కాస్త ఎక్కువని మీకందరికీ తెలుసు.

నేనూ నా భర్త యాకోబూ విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చాం. ఇద్దరికీ ఒకేచోట పని అని చెప్పి తీసుకొచ్చినవాళ్ళు పెనాంగు రేవులో మమ్మల్ని తలలు లెక్కపెట్టి పంచేశారు, నన్ను ఈ కొబ్బరి తోటకి, ఆయనను ఎగువ రబ్బరు తోటకి, నేను అప్పటికి మూడు నెలల కడుపుతో ఉన్నాను, ఏడ్చాను, కాళ్ళు పట్టుకున్నాను, ఎవరు వింటారు! బిడ్డ పుట్టిన కబురు పడవవాళ్ళ ద్వారా ఆయనకు చేరింది. సెలవు అడిగితే ఇవ్వలేదట, అందుకని ఎవరికీ చెప్పకుండా నడిచి వచ్చేశాడు. బిడ్డను ఎత్తుకుని, “నా పోలికేటీ రానేదు, పిల్ల బతికిపోనాది” అని నవ్వాడు. ఆ నవ్వు పూర్తికాకముందే పోలీసులు మా కూలీల లైను ఇంటి ముందు నిలబడ్డారు.

ఒప్పందం మీద వచ్చిన కూలీ చెప్పకుండా పని విడిచి వెళ్తే అది నేరమని అప్పట్లో చట్టం. జైలుకు పంపారు. విడిచాక మళ్ళీ అదే తోటకి పంపి, జైల్లో గడిచిన రోజుల్ని ఒప్పందంలో కలిపేశారు. మరో రెండుసార్లు రావడానికి చూశాడు, రెండుసార్లూ రేవు దగ్గరే పట్టుకున్నారు, రెండుసార్లూ రోజులు కలిపారు. పిల్ల పెరుగుతూ ఉంది, ఆయన గడువూ పెరుగుతూ ఉంది.

ఆ రోజుల్లోనే మా తోటలో దొర కింద పనిచేసే చిన్నదొర ఒకాయన, తన ఒప్పందం గడువు ఇంకా ఉండగానే, వేరే తోటలో మంచి ఉద్యోగం వచ్చిందని వెళ్ళిపోయాడు. ఆయనకు బంగళాలో విందు చేశారు. కుర్చీలు మోసింది మేమే, పూలదండ గుచ్చింది నేనే. సూది వేలికి గుచ్చుకుంది గానీ అంతకన్నా లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఇంటికొచ్చి మోకరించి, సిగ్గు విడిచి దేవునితో తగవు పెట్టుకున్నాను. “ప్రబువా, నా మొగుడేటి దొంగతనం సేసినాడు? కన్న బిడ్డని సూసినాడు. ఆ దొర పోతే పూలదండ, నా మొగుడొస్తే గొలుసు. నీకాడ కూడా మాకో సట్టం, ఆలకో సట్టం ఉన్నాదా?”

ఆ ఆదివారం మన ఉపదేశి సామ్యేలుగారు, నా ప్రార్థన ఎవరో ఆయన చెవిన వేసినట్టుగా, దేవుని యెదుట పరదేశికీ ఇంటివాడికీ న్యాయం ఒక్కటేనని బోధించారు. ఆరాధన అయ్యాక ఆయన వెంటపడ్డాను. చట్టాలు చేసే సభకి మనం ఒక అర్జీ రాసుకోవచ్చని ఆయన అన్నారు, రాసిపెట్టారు, ఇరవైమందికి పైగా వేలిముద్రలు వేశాం, మొదటి ముద్ర నాదే. ఇక్కడే మేము తప్పు చేశాం. ఈ తోటలో జబ్బు చేసినా, చావు వచ్చినా, ఏ కబురైనా కూలీల మీద పెత్తనం చేసే కంగాణి చేతుల మీదుగానే పోవాలి కదా, ఇక్కడ అడుగుపెట్టిన నాటి నుంచి అదే అలవాటు, ఆ అలవాటు చొప్పున అర్జీని కూడా భక్తిగా తీసుకెళ్ళి కంగాణి చేతికే ఇచ్చాం! మూడోరోజు పొద్దున హాజరు పిలిచే చోట అది దొర చేతిలో కనిపించింది. అందరి ముందూ చింపి, కొబ్బరి ఎండబెట్టే పొయ్యిలో వేశాడు. ముద్ర వేసినవాళ్ళని వారంపాటు పనిలోకి రానివ్వలేదు, మన ప్రార్థన పాకకి తాళం పడింది. జనం నన్ను తిట్టారు, తిట్టడంలో తప్పు లేదు. నేను చాలాకాలం ప్రార్థనే మానేశాను, ప్రభువు క్షమించాడు.

పిల్ల మాత్రం మానలేదు. ప్రతి ఆదివారం రేవు దగ్గరికి పోయి పడవ దిగే మగవాళ్ళ ముఖాలన్నీ చూసి వచ్చేది. ఒకసారి, “అయ్య ఎలాగుంటాడే? నానెలా పోల్చాల?” అని అడిగింది. ఆయన ముఖం నాకే మసకబడింది, సహోదరీలారా. ఆ రోజు మళ్ళీ మోకరించాను.

పిల్లకి ఆరో ఏడు నడుస్తుండగా, కూలీల చట్టం మార్చాలా వద్దా అని విచారించడానికి ప్రభుత్వం తరఫున ఒక అధికారి తోటలు తిరుగుతున్నాడని తెలిసింది. ఆయనకు అరవం వచ్చు, తెలుగు రాదు. అందుకని నా పక్కన కాయలు కొట్టే మునియమ్మ దగ్గర, ఆమె అరవ మనిషి, రోజూ కాయలు కొడుతూనే, అధికారికి చెప్పాల్సిన నాలుగు మాటలూ అరవంలో నేర్చుకున్నాను. అధికారి వచ్చాడు, వరండాలో కూర్చున్నాడు, పక్క కుర్చీలో మా దొర. ఎలా ఉన్నారని ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు, ఒక్కొక్కరూ “బాగున్నాం దొరా” అని చేతులు జోడించి పోతున్నారు. మునియమ్మా అలాగే అని పోయింది. నా వంతు వచ్చింది. అరవంలో నేను చెప్పింది మన మాటల్లో ఇది:

“నాను బాగోనేను దొరా. సిన్నదొర పని మానేసి ఎల్తే మీ సట్టం ఊరుకున్నాది. నా మొగుడు బిడ్డని సూడ్డానికొస్తే జైల్లో ఎట్టినాది. ఇద్దరికీ ఒకటే సట్టం రాయండి.”

అధికారి కలం తీసి, నీ భర్త పేరేమిటని అడిగాడు. అయ్యో, అదొక్కటీ నేను నేర్చుకోలేదు! పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు నా నోటితో పలికి ఎరగను, మనలో ఏ ఆడది పలుకుతుంది? చెప్పకపోతే కాగితం మీదికి ఎక్కదు. కళ్ళు మూసుకుని, “యాకోబు” అన్నాను. ఇప్పుడు మీ ముందు ఆ పేరు ఇంత సులువుగా అంటున్నానని నవ్వకండి, ఆ రోజే భయం పోయింది. వెళ్ళిపోయిన మునియమ్మ ఆ మాట విని వెనక్కి వచ్చి, తాను చెప్పింది అబద్ధమని, ఈమె చెప్పిందే నిజమని నిలబడింది. ఆమె వెనక ఇంకా కొందరు వచ్చారు.

ఆ తర్వాత శిక్షగా నన్ను కాలవలు తవ్వే పనిలో వేశారు. ఏడాది పైన గడిచింది. నా ఒక్కదాని మాటకే చట్టం మారిందని చెప్పను, ఎన్నో తోటల్లో ఎందరో చెప్పారు, అక్కడ మన దేశంలో పెద్దలూ అడిగారు. కానీ మారింది! నెల ముందు చెప్పి కూలీ పని మానుకోవచ్చు, మానుకున్నందుకు జైలు లేదు అని సామ్యేలుగారు చదివి వినిపించారు.

నెల దాటాక ఒక ఆదివారం యాకోబు పడవ దిగాడు. సగం జుట్టు నెరిసింది. రేవులోనే ఆగిపోయి, అటూ ఇటూ చూసి, మెల్లగా అడిగాడు. “ఎవురికి సెప్పాల? ముందు ఏ దొరకి కనిపించాల?”

“ఎవురికీ అక్కర్నేదు. నీ కూతురికి కనిపించు” అన్నాను.

ఇప్పటికీ అన్నం దగ్గర కూర్చుని, పిల్ల మొదట ఏ మాట పలికింది, మొదట ఎప్పుడు నడిచింది అని అడుగుతూనే ఉంటాడు. చెప్పిందే మళ్ళీ చెబుతాను. పోయిన ఏళ్ళు చట్టంతో తిరిగి రావు. తెల్లవారికో ఆసుపత్రి, మనకో రేకుల కొట్టం ఇంకా అలాగే ఉన్నాయి. అందరికీ ఒకే న్యాయం జరిగే రోజు కోసం నా ప్రాణం ఇంకా ఎదురు చూస్తూనే ఉంది. నన్ను ఇంతవరకు నడిపించినవాడికే మహిమ, ఆయన నా నోరు మూతపడనివ్వలేదు. వచ్చే నెల ఆసుపత్రుల సంగతి విచారించడానికి మళ్ళీ అధికారి వస్తున్నాడు. సహోదరులారా, ప్రభువును నమ్మి రండి, వరసలో నా వెనకే నిలబడండి. మీ వంతు వచ్చినప్పుడు మాత్రం బాగున్నాం అనకండి.